వినపడని కుక్కకు ముందు నేర్పాల్సింది చూడటం

కుక్కకు చెవులు వినపడవని తెలియగానే ఇంట్లోవాళ్లకు మొదట వచ్చే సందేహం ఒకటే: మరి దీనికి కూర్చో, ఆగు, రా లాంటివి ఎలా నేర్పుతాం? చేత్తో సైగలు చేస్తే సరిపోతుందని ఎవరో ఒకరు చెబుతారు. ఆ జవాబు తప్పు కాదు కానీ అందులో ఉన్నది సగమే. సైగలు నేర్పడం ఈ పనిలో తేలికైన భాగం. మనం సైగ చేసే సమయానికి కుక్క మన వైపు చూస్తూ ఉండాలి కదా, కష్టమంతా అక్కడుంది. గోడమీద పిల్లిని చూస్తూ నిలబడిపోయిన కుక్క వెనక ఎంత చక్కగా చెయ్యి ఊపినా ఏం లాభం?

వినపడే కుక్క దగ్గర మన గొంతు ఎన్ని పనులు చేస్తోందో ఒకసారి గమనించండి. ‘టామీ, కూర్చో’ అంటాం. పేరు వినగానే అది మన వైపు తిరుగుతుంది. ‘కూర్చో’ అన్న మాట ఏం చేయాలో చెబుతుంది. కూర్చోగానే ‘శభాష్’ అంటాం, చేసింది సరైన పనేనని దానికి ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. కాసేపటికి ‘సరే, ఇక పో’ అంటే లేవొచ్చని అర్థం. ఇవి కాకుండా ఇంకొకటి ఉంది. వంటింట్లో మన మాటలు వినపడుతున్నంతసేపూ హాల్లో పడుకున్న కుక్కకు మనం ఇంట్లోనే ఉన్నామన్న ధైర్యం ఉంటుంది. ఇన్ని పనులనూ గొంతు ఒక్కటే చక్కబెడుతోంది కాబట్టి మనం వాటిని ఎప్పుడూ విడదీసి చూడం.

చెవిటి కుక్క దగ్గర విడదీయక తప్పదు. ఒక్కో పనికీ కంటికి కనిపించేదో ఒంటికి తెలిసేదో వేరే ఏర్పాటు చేయాలి. చాలామంది ‘కూర్చో’కి ఒక సైగ పెట్టేసి అక్కడితో ఆపేస్తారు. పిలవడానికి, మెచ్చుకోవడానికి, వదిలిపెట్టడానికి ఏమీ ఉండదు. కుక్క అయోమయంలో పడుతుంది. చివరికి మొండిదన్న పేరు మాత్రం దానికే వస్తుంది.

శిక్షణలోకి వెళ్లే ముందు చెవుడు గురించి కొంత తెలుసుకోవాలి, ఎందుకంటే ఏ రకం చెవుడో తెలిస్తేనే ఏ దారి పట్టాలో తెలుస్తుంది.

పుట్టు చెవుడు అనగానే ముందు చెప్పుకోవాల్సింది డాల్మేషియన్ గురించి. తెల్లటి ఒంటిమీద నల్ల మచ్చలుండే ఈ జాతిని మన నగరాల్లో కూడా పెంచుకుంటున్నారు. అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జార్జ్ స్ట్రెయిన్ కుక్కల చెవుడు మీద దశాబ్దాలపాటు పనిచేశారు. ఆయన సేకరించిన లెక్కల ప్రకారం అమెరికా డాల్మేషియన్లలో దాదాపు 30 శాతానికి చెవుడు ఉంది. అందులో సుమారు 22 శాతానికి ఒక చెవి మాత్రమే పనిచేయదు, 8 శాతానికి రెండు చెవులూ పనిచేయవు.

దీని మూలం రంగులో ఉంది. చర్మానికీ వెంట్రుకలకూ రంగునిచ్చే మెలనోసైట్ కణాలు లోపలి చెవిలో కూడా ఉంటాయి. అక్కడ స్ట్రయా వాస్క్యులారిస్ అనే పొరలో ఉంటూ, వినికిడి కణాల చుట్టూ ఉండే ద్రవంలో పొటాషియం తగినంత ఉండేలా చూస్తాయి. ఒంటికి తెలుపు తెచ్చే కొన్ని జన్యువుల వల్ల ఈ కణాలు ఆ పొరలో లేకుండా పోతే, పిల్ల పుట్టిన మూడు నాలుగు వారాలకల్లా ఆ పొర క్షీణిస్తుంది. వెనకే వినికిడి కణాలూ చనిపోతాయి, మళ్లీ పుట్టవు. ఈ చెవుడుకు మందు లేదు. డాల్మేషియన్లలో నీలి కళ్లున్న వాటికి చెవుడు ఎక్కువగా కనిపించడానికి, పుట్టుకతోనే ఒంటిమీద ఒకచోట పెద్ద నల్ల మచ్చ ఉన్నవాటికి తక్కువగా ఉండటానికి కారణం కూడా ఈ రంగు కణాలే.

గ్రేట్ డేన్, ఆస్ట్రేలియన్ షెపర్డ్, డాషుండ్ లాంటి జాతుల్లో మెర్ల్ అనే చెదిరిన మచ్చల రంగు ఉంటుంది. చూడ్డానికి అందంగా ఉంటుందని దానికి గిరాకీ ఎక్కువ. రెండు మెర్ల్ కుక్కలను జత కట్టిస్తే పుట్టే పిల్లల్లో కొన్నింటికి ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తుంది. అవి చాలావరకు తెల్లగా పుడతాయి, వాటిలో చెవుడు, కంటి లోపాలు ఎక్కువగా కనిపిస్తాయి. జత కట్టించేవాళ్లు కాస్త బాధ్యతగా ఉంటే పూర్తిగా ఆపగలిగిన బాధ ఇది. అందుకే ఇది తలచుకుంటే కోపం వస్తుంది. మీ చెవిటి కుక్క మెర్ల్ జాతుల్లోని తెల్ల కుక్క అయితే సైగలు మొదలుపెట్టేముందు దాని కళ్లు కూడా డాక్టరుకు చూపించండి.

తెల్లగా ఉన్న ప్రతి కుక్కకూ చెవుడు ఉంటుందని మాత్రం అనుకోవద్దు. మన ఇళ్లలో పెరిగే తెల్ల పొమేరేనియన్లకు ముక్కు, కళ్ల అంచులు నల్లగానే ఉంటాయి. వాటి తెలుపు వచ్చిన దారి వేరు.

పుట్టుకతో వచ్చే చెవుడు ఒక రకం. ముసలితనంలో మెల్లగా వచ్చేది ఇంకో రకం, ముందు సన్నని శబ్దాలు పోయి తర్వాత మిగతావీ తగ్గుతాయి. చెవిలో గుబిలి గడ్డకట్టడం, పాత ఇన్ఫెక్షన్లు, చెవికి హాని చేసే కొన్ని మందులు మరో రకం. వీటిలో కొన్ని వైద్యంతో బాగయ్యేవి. అందుకే సైగల సంగతి తర్వాత, ముందు డాక్టరుకు చెవి చూపించాలి.

ఇంట్లో మనం చేసే పరీక్షలు తరచూ మోసం చేస్తాయి. వెనక నిలబడి చప్పట్లు కొడితే గాలి తగిలి తిరుగుతుంది. స్టీలు పళ్లెం కింద పడేస్తే నేల అదిరి లేస్తుంది. తిండి గిన్నె చప్పుడు చేస్తే వాసనకు వస్తుంది. తోబుట్టువులతో ఉన్న చెవిటి పిల్ల మరీ దొరకదు. మిగతావి లేచి పరిగెత్తితే అదీ లేచి పరిగెడుతుంది. అందుకే చాలామందికి పిల్లను ఒంటరిగా ఇంటికి తెచ్చుకున్నాకే అనుమానం మొదలవుతుంది. గట్టిగా పిలిచినా గాఢనిద్రలోంచి కదలదు, ముట్టుకుంటే మాత్రం ఉలిక్కిపడి లేస్తుంది. కచ్చితంగా తేల్చేది బేర్ టెస్ట్. చెవిలో చిన్న ఇయర్‌ఫోన్‌తో టక్‌టక్ మనే శబ్దాలు పంపి, తలమీద చర్మం కింద పెట్టిన సన్నని ఎలక్ట్రోడ్‌లతో మెదడు స్పందనను నమోదు చేస్తారు. పిల్లకు ఐదు వారాలు నిండాక ఎప్పుడైనా చేయొచ్చు. ఒక్కో చెవినీ విడిగా చూస్తుంది కాబట్టి ఒక చెవి మాత్రమే పనిచేయని కుక్కలు కూడా బయటపడతాయి. అలాంటి కుక్క మాట వింటుంది కానీ అది ఏ వైపు నుంచి వచ్చిందో పోల్చుకోలేక దిక్కులు చూస్తుంది. దానికి మాటతోపాటు చెయ్యి కూడా ఊపితే చాలు.

రెండు చెవులూ వినపడవని తేలిందనుకుందాం. చెవిటి కుక్క కరుస్తుంది, దాన్ని పెంచుకోలేమని కొందరు భయపెడతారు. ఇది కొత్త మాటేమీ కాదు. రెండు చెవులూ పనిచేయని కుక్కపిల్లలకు నొప్పి లేకుండా ప్రాణం తీసేయమని డాల్మేషియన్ క్లబ్ ఆఫ్ అమెరికా చాలాకాలం సలహా ఇచ్చింది. అయితే 2014లో ఇల్లినాయ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించిన సర్వేలో, చూపో వినికిడో లేని కుక్కల్లో దూకుడు ఎక్కువని తేలలేదు. అన్నీ బాగున్న కుక్కలతో పోలిస్తే వాటిలో దూకుడు తక్కువని యజమానుల జవాబుల్లో వచ్చింది. అది యజమానులు చెప్పినదాని మీద ఆధారపడిన లెక్క కాబట్టి దాన్నే పట్టుకుని వేలాడక్కర్లేదు. కానీ చెవిటితనమే కుక్కను ప్రమాదకరంగా మారుస్తుందన్న మాటకు ఆధారం లేదని చెప్పడానికి అది చాలు. నిద్రలో ఉలిక్కిపడటం మాత్రం నిజం, దాని సంగతి కింద చెబుతాను.

శిక్షణలో మొదటి కొన్ని రోజులు ఒక్క పాఠానికే ఇచ్చేయండి. కుక్క తనంతట తాను మన ముఖం వైపు చూడటం, అంతే. జేబులో ఉడికించిన చికెన్ ముక్కలు వేసుకోండి, గోరంత ముక్కలైతే చాలు. మాంసం వండని ఇల్లయితే పనీర్ సరిపోతుంది. కూరలోంచి తీసిన ముక్కలు మాత్రం వద్దు, ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకు హాని చేస్తాయి. ఇక మీ పనులు మీరు చేసుకుంటూ ఉండండి. బట్టలు మడతపెడుతున్నా, ఫోను చూస్తున్నా, కుక్క ఎప్పుడు మీ ముఖంలోకి చూస్తే అప్పుడు ఒక ముక్క. ఎందుకు చూసిందన్నది అనవసరం. మీరు పిలవొద్దు, తట్టొద్దు, ముక్క చూపించి ఆశ పెట్టొద్దు. చూపు తనంతట తానే రావాలి.

కొద్ది రోజుల్లో మార్పు తెలుస్తుంది. ఆడుకుంటూ ఆడుకుంటూ ఒకసారి తలతిప్పి చూస్తుంది. గదిలోంచి బయటికి వెళ్లేముందు చూస్తుంది. వీధిలో నడుస్తూ నాలుగడుగులకోసారి వెనక్కి చూస్తుంది. వినపడే కుక్కకు ఇలా చూసే అలవాటు ఉంటే మంచిది, లేకపోయినా గడిచిపోతుంది. చెవిటి కుక్క విషయంలో మిగతా శిక్షణంతా ఈ అలవాటు మీదే నిలబడుతుంది. అందుకే ఇది కుదిరిందాకా ‘కూర్చో’ జోలికి వెళ్లొద్దని నా గట్టి అభిప్రాయం. రెండో వారానికల్లా చుట్టాల ముందు కుక్క కూర్చుని చూపించాలన్న తొందరలో చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. తర్వాత పార్కులో ఆ కుక్క ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడదు.

తనంతట తాను చూడనప్పుడు దాని చూపు తిప్పడానికీ ఏదో ఒకటి కావాలి. దగ్గరలో ఉంటే భుజం మీద రెండు వేళ్లతో మెత్తగా తట్టడం అన్నిటికన్నా మేలు. అయితే తట్టడానికి అర్థం కూడా మనమే నేర్పాలి. తట్టాలి, అది తిరగాలి, తిరగగానే ముక్క పెట్టాలి. రోజూ కొన్నిసార్లు ఇలా చేస్తే భుజం మీద వేళ్లు పడగానే సంతోషంగా తిరిగే అలవాటు వస్తుంది. చెక్క నేలయితే కాలితో తట్టినా తెలుస్తుంది. మన ఇళ్లలో కాంక్రీటు మీద వేసే గ్రానైట్, టైల్స్ నేలల్లో ఆ అదురు అంతగా చేరదు. కాస్త దూరంలో ఉంటే కంటిచివరలో చెయ్యి కదిలించండి. కుక్కకు పక్కలు మనకంటే ఎక్కువ మేర కనిపిస్తాయి, కదలికను ఇట్టే పట్టేస్తుంది. రాత్రిపూట పెరట్లో ఉంటే బయటి లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించడం బాగా పనిచేస్తుంది. లేజర్ లైటు మాత్రం వాడకండి. ఆ వెలుగు చుక్క కుక్క నోటికి ఎప్పటికీ దొరకదు. దాని వెంటబడి చివరికి గోడమీద నీడల్ని, మెరుపుల్ని కూడా వేటాడే వెర్రి అలవాటు పట్టుకునే ప్రమాదం ఉంది.

వైబ్రేషన్ కాలర్ గురించి అందరూ అడుగుతారు. రిమోట్ నొక్కితే మెడ దగ్గర సెల్‌ఫోన్‌లా కంపించే పట్టీ అది. కరెంటు షాక్ ఇచ్చే కాలర్ వేరు, దాన్ని ఇంట్లోకి రానివ్వొద్దు. కొన్ని మోడళ్లలో రెండూ ఒకే రిమోట్ మీద ఉంటాయి, పొరపాటున షాక్ బటన్ నొక్కే అవకాశం ఉంటుంది కాబట్టి అవీ వద్దు. వైబ్రేషన్‌కు ఒకటే అర్థం ఉండాలి: నా వైపు చూడు. ముందు కాలర్ చేతిలో పట్టుకుని కంపింపజేసి ముక్క పెట్టండి. అది భయపడకపోతే తక్కువ స్థాయిలో పెట్టి మెడకు కట్టండి. కంపించిన వెంటనే ముక్క, ప్రతిసారీ. చెప్పు కొరుకుతుంటే ఆపడానికీ, మొరుగుతుంటే ఆపడానికీ అదే బటన్ నొక్కారంటే అది తిట్టుగా మారిపోతుంది. ఇక బటన్ నొక్కగానే మీ వైపు చూడటానికి బదులు తోక ముడిచి మూలకు పోతుంది. కొన్ని కుక్కలకు మొదటి నుంచీ ఆ కంపనమంటే సరిపడదు, వాటిని బలవంతపెట్టకుండా మానేయాలి. ఇలాంటి కాలర్‌ను రోజంతా మెడకు ఉంచితే చర్మం పుండు పడొచ్చు.

చూపు కుదిరాక కావాల్సింది ‘శభాష్’కు బదులు ఒక సైగ. బొటనవేలు పైకెత్తడం అందరికీ సులువు. గుప్పిట పట్టి ఠక్కున ఐదు వేళ్లూ విప్పినా బాగుంటుంది, దూరానికి కూడా కనిపిస్తుంది. ఏదైనా ఒకటే పెట్టుకోండి. ఈ సైగ ఎందుకంటే, కుక్క కూర్చున్న క్షణానికీ ముక్క దాని నోట్లో పడే క్షణానికీ మధ్య రెండు మూడు సెకన్లు పోతాయి. ఆలోగా అది లేచి నిలబడితే, నిలబడినందుకే ముక్క వచ్చిందనుకుంటుంది. సైగ ఆ సరైన క్షణాన్ని పట్టుకుని ‘ఇదిగో, ఇందుకే’ అని చెబుతుంది. మొదట ఏ పనీ అడగకుండా, బొటనవేలు ఎత్తి ముక్క, ఎత్తి ముక్క అని కొన్నిసార్లు చేయండి. బొటనవేలు లేవగానే అది ముక్క కోసం నోరు చప్పరిస్తే విషయం దానికి ఎక్కినట్టే.

ఇప్పుడు ‘కూర్చో’. కుక్కకు ఎదురుగా నిలబడండి. ముక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని దాని ముక్కు దగ్గర పెట్టండి, ఆనీ ఆననట్టు. అక్కడి నుంచి చేతిని మెల్లగా రెండు కళ్ల మధ్యగా తల మీదుగా వెనక్కి జరపండి. ముక్కు పైకి లేస్తుంది, దానితోపాటు నడుము కిందికి దిగుతుంది. చెయ్యి మరీ ఎత్తుకు పోతే కుక్క ముందుకాళ్లు ఎత్తి గెంతుతుంది. వేగంగా జరిపితే వెనక్కి అడుగులేస్తుంది. అలా వెనక్కి పోతూ ఉంటే గోడకు దగ్గరగా నిలబెట్టి చేయండి. వెనకభాగం నేలను తాకిన ఆ క్షణంలోనే రెండో చేతి బొటనవేలు లేవాలి, వెంటనే ముక్క నోటికి అందాలి. నడుము మీద చెయ్యి వేసి కిందికి నొక్కే పాత పద్ధతి వద్దు. తాకిడి అంటే మంచిదని నేర్పిన కుక్కను అదే చేత్తో నొక్కడం మనం కట్టినదాన్ని మనమే కూల్చుకోవడం.

నాలుగైదు సార్లు కుదిరాక ముక్క లేని చెయ్యి అదే దారిలో జరగాలి, ముక్క జేబులోంచి రావాలి. ఈ మార్పు ఆలస్యం చేస్తే కుక్క సైగను చూడటం మాని ముక్కను చూడటం నేర్చుకుంటుంది. తర్వాత సైగను కొంచెం కొంచెంగా కుదించి, అరచెయ్యి పైకి తిప్పి మోచేతి దగ్గర నుంచి పైకి లేపే చిన్న కదలికగా మార్చండి. ఒక్కో విడత మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు, రోజుకు రెండు మూడు విడతలు. కంటితో పాఠం నేర్చుకునే కుక్క మొదట్లో త్వరగా అలసిపోతుంది. చూపు పక్కకు తిప్పేయడం, ఆవలించడం, నేల వాసన చూడటం కనిపిస్తే ఆరోజుకు ఆపేయండి.

‘పడుకో’ కూడా ఇదే పద్ధతి. కూర్చున్న కుక్క ముక్కు దగ్గర నుంచి ముక్కను తిన్నగా నేలకు, ముందుకాళ్ల మధ్యకు దించాలి. చివరికి అది అరచెయ్యి కిందికి తిప్పి దించే సైగ అవుతుంది. టైల్స్ నేలమీద కాళ్లు జారుతుంటే కుక్క పడుకోవడానికి జంకుతుంది, చాప వేస్తే సగం సమస్య తీరుతుంది.

కుక్కలకు సైగ అంత త్వరగా ఎలా ఎక్కుతుందని ఆశ్చర్యపోనక్కర్లేదు. వినపడే కుక్కలు కూడా మన మాట కంటే చేతిని ఎక్కువగా నమ్ముతాయి. ఇటలీలోని నేపుల్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగంలో శిక్షణ పొందిన కుక్కలకు నోటితో ఒకటి చెప్పి చేత్తో ఇంకొకటి చూపించారు. అవి ఎక్కువగా చేతినే అనుసరించాయి. కాబట్టి చెవిటి కుక్క దగ్గర మనం కొత్త భాషేదీ కనిపెట్టడం లేదు, ఉన్న భాషను కాస్త శుభ్రంగా వాడుతున్నాం. శుభ్రంగా అని ఎందుకంటున్నానంటే, మన వాళ్లకు చేతులు ఊపకుండా మాట్లాడటం రాదు. పాఠం జరుగుతుండగా పక్కవాళ్లతో మాట్లాడుతూ చేతులు తిప్పితే, అందులో ఏది తనకు చెప్పిన మాటో కుక్కకు ఎలా తెలుస్తుంది? పాఠం సమయంలో చేతులు ఒంటికి ఆనించి, సైగ చేయడానికి మాత్రమే తీయాలి. రెండో చేతిలో లీష్, అంటే కుక్కను పట్టుకుని నడిపే తాడు, ఉంటుంది కాబట్టి అన్నీ ఒంటిచేతి సైగలే పెట్టుకోండి. ఒకదానికొకటి పోలిక లేకుండా, దూరం నుంచి కూడా తేడా తెలిసేలా ఉండాలి. విదేశాల్లో కొందరు మనుషుల సంజ్ఞా భాషలోని సైగలనే కుక్కలకు నేర్పుతారు. మీ ఇంటి సైగలు మీరే పెట్టుకున్నా పర్వాలేదు. కానీ అమ్మమ్మ నుంచి స్కూలుకెళ్లే పిల్లవాడి దాకా అందరూ ఒకేలా చేయాలి. సైగల బొమ్మలు గీసి ఫ్రిజ్ మీద అంటిస్తే ఈ గొడవ తీరిపోతుంది.

ఇంకొక్క విషయం, సైగ చేసేటప్పుడు నోటితో కూడా మాట్లాడండి. వినపడదు కదా అని నోరు మూసుకుంటే మన ముఖం బిగుసుకుపోతుంది, అది కుక్కకు కోపంలా కనిపిస్తుంది. ‘శభాష్ రా నాన్నా’ అని పైకి అంటే కళ్లు, పెదాలు, భుజాలు అన్నీ కలిసి నవ్వుతాయి. చెవిటి కుక్క చదివేది ఆ నవ్వునే. ‘వద్దు’ చెప్పడానికి చూపుడువేలు అడ్డంగా ఊపి, ముఖంలో నవ్వు తీసేస్తే చాలు. చెయ్యి ఎత్తి బెదిరిస్తే ఆ చేతులు చేసే మిగతా సైగలకు కూడా అది భయపడటం మొదలుపెడుతుంది.

‘ఆగు’ దగ్గర చెవిటి కుక్కకు మాత్రమే ఉండే చిక్కు ఒకటి వస్తుంది. అరచెయ్యి ముందుకు చాపి ఆగమన్నాక మీరు వెనుదిరిగి నడిస్తే, వినపడే కుక్కకు మీ అడుగుల చప్పుడు, గొంతు తోడుంటాయి. చెవిటి కుక్కకు మీరు కంటికి కనిపించినంతవరకే ఉన్నట్టు. అందుకే అది ఆగకుండా మీ వెంట వస్తుంది. అది అవిధేయత కాదు. ముందు దాని ఎదుటే నిలబడి సమయం పెంచండి. తర్వాత ముఖం దాని వైపే ఉంచి ఒక్కో అడుగు వెనక్కి వేయండి. వెనుదిరగడం చివరిపాఠం. లేవొచ్చని చెప్పే సైగ కూడా విడిగా ఉండాలి, ఒక చేతిని కిందుగా పక్కకు ఊపడం లాంటిది. అది లేకపోతే ‘ఆగు’ ఎప్పుడు ముగిసిందో దానికి తెలియదు, తనకు తోచినప్పుడు లేస్తుంది.

‘రా’ అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా నమ్మలేనిది కూడా. చేతిని పక్కకు చాపి గుండెల మీదికి లాక్కునే పెద్ద సైగ పెట్టుకోండి. ఐదు నుంచి పది మీటర్ల పొడవు తాడు కట్టి, ఇంటి ఆవరణలో మొదలుపెట్టి, మనుషులు తక్కువుండే మైదానానికి వెళ్లండి. అది తనంతట చూసినప్పుడు సైగ చేసి, వచ్చాక మామూలుగా ఇచ్చే దానికన్నా మంచిది పెట్టండి. వచ్చిన వెంటనే లీష్ కట్టి ఇంటికి లాక్కెళ్లకండి. ముక్క పెట్టి మళ్లీ ఆడుకోవడానికి వదిలేస్తేనే మరోసారి ఉత్సాహంగా వస్తుంది.

ఎంత బాగా నేర్చుకున్నా గోడ లేని చోట చెవిటి కుక్కను లీష్ లేకుండా వదలొద్దు. విదేశాల్లో కొందరు వదులుతారు. మన రోడ్ల మీద ఆటోలు, రాంగ్ రూట్లో వచ్చే బైకులు, వెనక నుంచి గుర్రుమంటూ వచ్చే వీధికుక్కల మధ్య అది కుదరదు. వెనక వచ్చేది దానికి తెలియదు, దాని తరఫున మీరే వెనక్కి చూస్తూ నడవాలి. మెడ పట్టీకి ‘నాకు వినపడదు’ అని తెలుగులో, ఇంగ్లిషులో రాయించి, ఫోను నంబరుతో బిళ్ల వేయండి. ఒక చిన్న మువ్వ కూడా కట్టండి. అది దానికి కాదు, మీకు. పిలిస్తే పలకని కుక్క మంచం కిందో కారు కిందో పడుకుంటే కనిపెట్టడానికి అదొక్కటే ఆసరా.

ఇక ఉలికిపాటు. గాఢనిద్రలో ఉన్నప్పుడు చెప్పాపెట్టకుండా చెయ్యి పడితే ఏ ప్రాణి అయినా అదిరిపడుతుంది. వినపడే కుక్కకు అడుగుల చప్పుడు ముందే చెబుతుంది, దీనికి చెప్పదు. రెండు వైపుల నుంచీ సరిచేసుకోవాలి. మన వైపు నుంచి: ముందు ముక్కు దగ్గర అరచెయ్యి ఉంచండి, మన వాసనకే చాలాసార్లు లేస్తుంది. లేవకపోతే భుజం మీద, ఎప్పుడూ అదే చోట, మెత్తగా తాకండి. కళ్లు తెరవగానే నవ్వు ముఖం, ఒక ముక్క. కుక్క వైపు నుంచి: మెలకువగా ఉన్నప్పుడే, అటు తిరిగి ఉండగా తాకి ముక్క పెట్టే అభ్యాసం రోజూ చేయించండి. ఊహించని తాకిడి వెనక ఎప్పుడూ మంచే ఉంటుందని దాని ఒంటికి అలవాటు కావాలి. దాని పడకను గదిలో ఒక మూలన, గుమ్మం కనిపించేలా వేస్తే ఇంకా మేలు. పడుకున్న కుక్క మీద పడి కౌగిలించుకోవద్దని పిల్లలకు మాత్రం గట్టిగానే చెప్పాలి.

మొదట్లో గొంతు చేసే పనుల్లో ధైర్యం ఇవ్వడం కూడా ఒకటని చెప్పాను. చాలామంది మర్చిపోయేది ఇదే. కుక్క నిద్రలో ఉంది కదా, లేపడం ఎందుకని తలుపు దగ్గరికి వేసి బయటికి వెళ్లిపోతారు. తలుపు చప్పుడు, బండి స్టార్టయిన చప్పుడు ఏవీ దానికి తెలియవు. లేచి చూసేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. గదిగదికీ తిరిగి వెతుకుతుంది. ఇలా కొన్నిసార్లు జరిగితే నిద్రపోవడానికే భయపడి మీ కాళ్ల వెంటే తిరగడం మొదలుపెడుతుంది. వెళ్లేముందు లేపండి. ‘వెళ్లొస్తా’కి ఒక సైగ పెట్టుకుని, ప్రతిసారీ చేసి వెళ్లండి. గదిలోంచి గదిలోకి వెళ్లేటప్పుడు కూడా పక్కనుంచి వెళుతూ ఒకసారి తాకి వెళితే చాలు, అది మళ్లీ నిశ్చింతగా తల వాల్చేస్తుంది.

పుట్టినప్పటి నుంచీ చెవిటిదైన కుక్కకు శబ్దమంటే ఏమిటో తెలియదు కాబట్టి దానికి కోల్పోయినదేమీ లేదు. ముసలితనంలో చెవులు పోయిన కుక్క సంగతి అలా కాదు. ఏళ్లుగా వినపడిన గొంతు ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు తనతో మాట్లాడటం మానేశారని అనుకుంటుందేమో అనిపించేలా దిగాలుగా ఉంటుంది. అందుకే మీ కుక్కకు ఏడెనిమిదేళ్లు వచ్చాయంటే, చెవులు బాగా వినపడుతున్నా సరే, సైగలు ఇప్పుడే నేర్పడం మంచిది. పద్ధతి తేలిక. దానికి తెలిసిన మాటకు ముందు సైగ చేయాలి. చెయ్యి లేపి, ఒక్క క్షణం ఆగి, ‘కూర్చో’ అనాలి. కొన్ని రోజులకు అది మాట కోసం ఆగకుండా చెయ్యి చూసే కూర్చుంటుంది. రెండూ ఒకేసారి చేస్తే తెలిసిన మాటే వింటుంది, కొత్త సైగను పట్టించుకోదు. ముసలితనంలో చెవులతోపాటు చూపు కూడా మసకబారొచ్చు కాబట్టి భుజం మీద తట్టడం, వీపు చివర వేలు ఆనిస్తే కూర్చోవడం లాంటి తాకిడి సైగలు ఒకటి రెండు కూడా అప్పుడే నేర్పి ఉంచండి.